ఆంప్లిఫైయరు పద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె. ఫ్యూజు లేని తీగ పొసగదు బండికి
నల్ల తీగ యినుము నంటవలయు
గెయిను వాల్యుమనుచు గీతము చెరుపకు
కొలిచి తిప్పు మీట కోవిదుండ!

టీక: ఫ్యూజు లేని తీగ = బ్యాటరీ ప్లస్ నుంచి కాపలా లేకుండా డిక్కీ దాకా పోయే ఎర్ర కేబులు; బండికి = శ్రావణమాసంలో సి.బెళగల్ నుంచి ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే బొలెరోకైనా, ఎమ్మిగనూరు దాటని పాత జీపుకైనా; పొసగదు = చెల్లదు; నల్ల తీగ = ఎర్తు; ఇనుమున్ = రంగు గీకిన బాడీ రేకును; అంటవలయున్ = బోల్టుతో బిగుసుకోవాలి; గెయిను = ఆంప్లిఫైయరు మీది చిన్న మరను; వాల్యుము అనుచున్ = సౌండు పెంచేదనుకొని; గీతము చెరుపకు = పాటను పాడుచేయకు; కొలిచి = మల్టీమీటరుతో చూసి; మీట తిప్పు = ఆ మరను సరిచెయ్యి; కోవిదుండ = ఓ ఫిట్టరూ! (పొగడ్త కాదు, గణపూరణం.)

తాత్పర్యం: కరెంటు దారి భద్రంగా వేశాకే పాట సంగతి చూడాలి.

విశేషాలు: పని మొదలుపెట్టేముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలి. ఫ్యూజు కాపాడేది ఆంప్లిఫైయరును కాదు, తీగను. ఇంజను గోడ రంధ్రం దగ్గర తొడుగు ఒరిసి రేకుకు తగిలితే కేబులే అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. రెండో పాదంలో ‘యినుము’కు బదులు ‘సీటు’ అని పాఠాంతరం. గణాలు సరిపోతాయి గానీ అర్థం గ్రాహ్యం కాదు: సీటు బెల్టు బోల్టు ఉన్నది ప్రాణరక్షణకు, ఎర్తుకు కాదు. ఎర్తు తీగ ఎర్ర కేబులంత లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి.

ఆంప్లిఫైయరును నిద్రలేపే రిమోట్ తీగను కవి వదిలేశాడు. అది స్టీరియో నుంచే రావాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే ఆంప్లిఫైయరు నిద్రపోదు, తెల్లారేసరికి బండి స్టార్టు కాకపోవచ్చు. పాటను మోసే ఆర్‌సీఏ తీగలు కరెంటు కేబులుకు అవతలి పక్కగా పోవాలి. లేకుంటే యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా పాటలో ఈల వినిపించవచ్చు.

మూడో పాదమే పద్యానికి ప్రాణం. స్టీరియో ఇచ్చే ఓల్టేజి ఎంత ఉన్నప్పుడు ఆంప్లిఫైయరు తన పూర్తి వాట్లు ఇవ్వాలో గెయిను నిర్ణయిస్తుంది. ఎక్కువ తిప్పితే పాటకు బలం పెరగదు, అలల తలలు తెగి స్పీకరు కాయిల్ వేడెక్కుతుంది. డప్పు గట్టిగా మోగాలని గెయిను మరను చివరిదాకా తిప్పడం ఊరూరా ఉన్నదే.

‘కొలిచి’ అన్నదానికి పద్ధతి ఇది. స్పీకరు తీగలు విప్పి, బాస్ బూస్టు సున్నాకు తెచ్చి, గెయిను పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, 50 హెర్ట్జ్ టోను వేయాలి. వాట్లను ఓములతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన ఏసీ ఓల్టేజి వస్తుంది. 4 ఓముల స్పీకరుకు 100 వాట్లంటే 20 ఓల్టులు. మల్టీమీటరును ఆంప్లిఫైయరు స్పీకరు టెర్మినళ్లకు పెట్టి, గెయినును మెల్లగా పెంచుతూ పోయి, మీటరులో ఆ అంకె కనపడగానే చెయ్యి తీసి, స్పీకర్లు తిరిగి కలిపి, సబ్‌ఊఫరు ఫిల్టరును 80 హెర్ట్జ్ దగ్గర ఉంచాలి.