పెరటి గోతిలో రేకుల గది

నన్ను ఆండర్సన్ షెల్టర్ అంటారు. పేరు దొరగారిది, ఒళ్లు మాత్రం పద్నాలుగు జింకు రేకులది. ఆరు వంపు రేకుల్ని ఎదురెదురుగా నిలబెట్టి నడినెత్తిన బోల్టులతో బిగిస్తే కప్పు తయారు. ముందూ వెనకా నిలువు రేకులు, ముందువైపు మనిషి వంగి దూరేంత సందు. ఎత్తు ఆరడుగులు, పొడవు ఆరున్నర, వెడల్పు నాలుగున్నర. అంత చోటులో ఆరుగురు తెల్లవార్లూ ప్రాణాలు దక్కించుకోవాలని సర్కారు లెక్క.

1938లో విలియం పాటర్సన్, ఆస్కార్ కార్ల్ కెరిసన్ అనే ఇంజనీర్లు నా నమూనా గీశారు. విమానదాడుల నుంచి జనాన్ని కాపాడే వ్యవహారం అప్పుడు సర్ జాన్ ఆండర్సన్ చేతిలో ఉండేది కాబట్టి ఆయన పేరే నాకు తగిలింది. ఆయన మీ దేశానికి కొత్తవాడేం కాదు. 1932 నుంచి 1937 దాకా బెంగాల్ గవర్నరు. 1934 మే 8న డార్జిలింగ్ దగ్గరి లెబాంగ్ గుర్రప్పందేల మైదానంలో విప్లవకారులు ఆయన మీద కాల్పులు జరిపితే వెంట్రుకవాసిలో బయటపడ్డాడు.

మా జాతిలో మొదటిదాన్ని 1939 ఫిబ్రవరి 25న లండన్‌లోని ఇస్లింగ్టన్‌లో ఒక ఇంటి పెరట్లో పాతారు. సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి పదిహేను లక్షల ఇళ్లకు చేరాం. తరవాత వచ్చినవాటితో కలిపితే మొత్తం ముప్ఫై ఆరు లక్షలు. ఏడాదికి 250 పౌండ్లలోపు సంపాదించే కుటుంబానికి ఉచితం, ఆపైన వాళ్లకు ఏడు పౌండ్లు.

ఉచితం అన్నది రేకుల వరకే. లారీవాళ్లు నన్ను కట్టలుగా తెచ్చి ఉత్తర లండన్ శివారులో ఒక ఇంటి గేటు ముందు పడేసి వెళ్లారు. గొయ్యి తవ్వుకునే బాధ్యత ఇంటివాళ్లది. లోతు నాలుగడుగులు. అచ్చం నా కొలతకే లెక్కేసినా 117 ఘనపుటడుగుల మట్టి తియ్యాలి, అంటే అయిదు టన్నులకు పైనే. మా ఇంటాయన పగలంతా ఫ్యాక్టరీలో నిలబడి వచ్చి, టీ తాగి, పార పట్టేవాడు.

పైన జానెడు తోట మట్టి బుద్ధిగా లేచి వచ్చింది. దాని కింద లండన్ నేల తన అసలు గుణం బయటపెట్టింది. జిగురు బంకమట్టి. పార దిగదు, దిగితే ఊడిరాదు, ఊడివస్తే పెళ్ల పారను వదలదు. ఒక్కో పెళ్లనూ బూటు మడమతో తన్ని గట్టు మీదికి విసరాలి. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన చూసి చూసి, ఇక ఉండబట్టలేక ఇవతలికొచ్చాడు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో కందకాలు తవ్విన మనిషి.

“గట్లు అంత నిలువుగా కోస్తే వానకు జారిపోతాయి నాయనా, కాస్త వాలుగా తియ్యి. ఆ మూల ఓ గుంట చెయ్యి. ఊట నీళ్లు అందులోకి దిగితే తోడి పోసుకోవచ్చు.”

“ఇక్కడ ఊట ఎక్కడిది సార్? ఎండిపోయి ఉంటేనూ!”

“చలికాలం రానీ, చెబుతా,” అన్నాడు పెద్దాయన.

రేకులు నిలబెట్టి, బోల్టులు బిగించి, తవ్విన మట్టిని తిరిగి నా మీదికే ఎత్తారు. వీపు మీద కనీసం పదిహేను అంగుళాల మందం ఉండాలని రూలు. నన్ను చూసి “ఈ రేకు డబ్బా బాంబుకు ఆగుతుందా?” అని నవ్వినవాళ్లకు ఆ పదిహేను అంగుళాల సంగతి తెలియదు. ఎగిరి వచ్చే బాంబు పెంకుల్ని మింగేది, పేలుడు తాకిడిని పీల్చుకునేది మట్టి. ఆ మట్టి లోపలున్నవాళ్ల మీద కూలకుండా మొయ్యడం వరకే నా పని. ఒంట్లో వంపూ ముడతలూ ఉండబట్టి దెబ్బ తగిలితే వంగుతాను గానీ పగలను. మట్టి కప్పకుండా వదిలేస్తే మాత్రం నేను వట్టి రేకుల పాకనే.

యుద్ధం వచ్చింది, బాంబులు రాలేదు. నెలల తరబడి సైరన్లు ఉత్తుత్తినే మోగి ఊరుకున్నాయి. చలికాలం మాత్రం వచ్చింది. పెద్దాయన చెప్పిన ఊట మోకాలి లోతున నిలిచింది, కప్పలు కాపురం పెట్టాయి. ఇల్లాలు రోజూ బకెట్లతో తోడి పోసేది. 1940 జనవరిలో తిండికి రేషన్ మొదలైంది. పెరటి నేలంతా కూరగాయలు వెయ్యండని సర్కారు ‘డిగ్ ఫర్ విక్టరీ’ పేరుతో ఊదరగొట్టింది. నా వీపూ పెరటి నేలే కదా! లెట్యూస్ నాటారు, గుమ్మడి కుటుంబానికి చెందిన మారో తీగ పాకించారు. ఎవరి షెల్టర్ మీద తోట అందంగా ఉందో చూసి బహుమతులిచ్చే పోటీలు కూడా జరిగాయి.

1940 సెప్టెంబరు 7 సాయంత్రం జర్మన్ విమానాలు నిజంగానే వచ్చాయి. ఆ రోజు మొదలు వరసగా యాభై ఏడు రాత్రులు లండన్ మీద బాంబులు పడ్డాయి.

లోపలి సంగతి చెబుతాను. రెండు పక్కలా చెక్క బల్లలు, ఒక మూల గోనెపట్టా చాటున బకెట్. రాత్రంతా దొడ్డికి పోవాలంటే అదే గతి. కొవ్వొత్తి వెలుగులో ఇల్లాలు మేజోడు అల్లేది. మనుషుల ఊపిరి చల్లని రేకుకు తగిలి నీరై, ముడతల వెంట జారి, సరిగ్గా పడుకున్నవాళ్ల మెడ మీద పడేది. దుప్పట్లు పొద్దున ఎండేస్తే సాయంత్రానికి మళ్లీ చెమ్మ. పిల్లలకు దగ్గు పట్టుకుంది. ఇంటాయన తల్లి మాత్రం నా గడప తొక్కలేదు. “బతికుండగా గోతిలోకి దిగను, పోయాక మీరే దింపుతారుగా,” అని ఇంట్లో మెట్ల కింద అరలో కుర్చీ వేసుక్కూర్చునేది.

అక్టోబరులో ఒక రాత్రి బాంబు పక్క వీధి చివర పడింది. ముందు నేల ఊగింది, తరవాత చప్పుడు వినబడింది. నా ఎడమ పక్క రేకులు లోపలికి పొట్ట పెట్టాయి, ఒక బోల్టు తెగి కొవ్వొత్తిని ఆర్పేసింది. గుమ్మం మట్టితో పూడుకుపోయింది. పెద్దాయనే పారతో వచ్చి దారి తీశాడు. పిల్లలు, తల్లి, తండ్రి ఒంటి మీద గీతైనా లేకుండా బయటికొచ్చారు. ఇంటి వెనక గోడ లేదు. మెట్లు మాత్రం నిలిచాయి, వాటి కింద ముసలమ్మా నిలిచింది. నా గొప్ప చెప్పుకోబోయినప్పుడల్లా ఆవిడ అడ్డొస్తుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ బాంబు నేరుగా నా మీదే పడి ఉంటే ఈ కథ చెప్పేవాళ్లుండరు. అలా పడినచోట మావాళ్లెవరూ ఎవరినీ కాపాడలేకపోయారు.

నన్ను పేదలకిచ్చిన కానుకగా చెప్పుకున్నారు. నిజానికి నేను పెరడున్నవాళ్ల చుట్టాన్ని. రేవుల పక్కన తూర్పు లండన్‌లో ఇల్లంటే గది, వాకిలంటే వీధి. బాంబులు ఎక్కువ పడిందీ అక్కడే, నన్ను పాతడానికి బెత్తెడు నేల లేనిదీ అక్కడే. ఈ లోటు ముందే చెప్పినవాడు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. స్పెయిన్ అంతర్యుద్ధంలో బాంబుదాడులు కళ్లారా చూసి వచ్చి, 1938లో ‘ఎ.ఆర్.పి.’ అనే పుస్తకం రాసి, అందరికీ పనికొచ్చేలా లోతైన సొరంగాలు తవ్వమన్నాడు. 1939లో లార్డ్ హెయిలీ అధ్యక్షతన కూర్చున్న సమావేశం వద్దని తేల్చింది. ఈ హెయిలీ కూడా పంజాబును ఏలి వెళ్లిన గవర్నరే. ఖర్చు ఒక అడ్డు. లోపలికి పోయిన జనం పనులకు రారేమోనన్న భయం ఇంకో అడ్డు.

జనం ఆగలేదు. భూగర్భ రైల్వే స్టేషన్లను షెల్టర్లుగా వాడొద్దని సర్కారు మొదట అడ్డం చెబితే, టికెట్లు కొనుక్కుని దిగి, తెల్లవారేదాకా పైకి రాలేదు. సెప్టెంబరు 14 రాత్రి స్టెప్నీ కౌన్సిలర్ ఫిల్ పిరాటిన్ తూర్పు లండన్ వాళ్లను వెంటేసుకుని సవాయ్ హోటల్లోకి నడిచాడు. ధనికుల కోసం కట్టిన షెల్టర్‌లో పేదలకూ చోటిమ్మన్నాడు. ఆ నవంబరులో లండన్‌లో లెక్క తీస్తే స్టేషన్లలో పడుకునేవాళ్లు నూటికి నలుగురే తేలారు. ఇంటి దగ్గరి షెల్టర్లలో తలదాచుకునేవాళ్లు ఇరవై ఏడుగురు. సగానికి పైగా జనం ఏ షెల్టరూ లేకుండా ఇళ్లలోనే ఉండిపోయారు.

1941 మార్చిలో నాకు తమ్ముడొచ్చాడు, మోరిసన్ షెల్టర్. ఇంట్లోనే బిగించుకునే ఉక్కు బల్ల. పగలు దాని మీద భోజనం, రాత్రి దాని కింద నిద్ర. పెరడు లేనివాళ్లకు కొంత ఊరట. 1944 సెప్టెంబరులో జర్మన్ల వి-2 రాకెట్లు మొదలయ్యాక మా ఇద్దరికీ పని తగ్గింది. చప్పుడు కన్నా వేగంగా వచ్చే దానికి సైరన్ ఎప్పుడు మోగాలి, మనుషులు ఎప్పుడు దూరాలి?

నా లోటు పట్టుకున్న హాల్డేన్ 1957లో భారతదేశానికి వలస వచ్చాడు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, చివరికి భువనేశ్వర్‌లో 1964 డిసెంబరు 1న కన్నుమూశాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇమ్మని రాసిపెట్టాడు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంతో పాటు జపాన్ బాంబులు చవిచూసిన కాకినాడే అది.

యుద్ధం ముగిశాక మావాళ్లలో చాలామందిని మునిసిపాలిటీలు ఊడదీసి పట్టుకుపోయాయి. కొందరు ఇంటివాళ్లు చిన్న మొత్తం కట్టి మమ్మల్ని ఉంచుకున్నారు. మా ఇంటాయనా అలాగే ఉంచుకుని, గొయ్యి పూడ్చి, నన్ను నేల మీద నిలబెట్టాడు. ఇప్పుడు నా లోపల సైకిలు, గడ్డి కోసే మిషను, రంగు డబ్బాలు ఉంటున్నాయి. వంగిన రేకు ఇంకా వంగే ఉంది.

ఆమధ్య ఒక కుర్రాడు ఫొటో తీసుకుంటూ, మా పెరట్లోనూ ఓ బంకర్ తవ్వుతానన్నాడు. తవ్వుకో నాయనా. ఊట ఎంత లోతున ఉందో ముందు చూసుకో, గట్లు వాలుగా తియ్యి, నెత్తిన వేసే మట్టి ఎంత బరువో లెక్కేసుకున్నాకే కప్పు సంగతి ఆలోచించు. ఇవన్నీ కుదిరాక ఓసారి వీధిలోకి వెళ్లి, పెరడు లేని కొంపలెన్నో లెక్కపెట్టు. వాళ్లు ఎక్కడికి పోవాలో తేల్చకుండా నన్నిచ్చి చేతులు దులుపుకున్న సర్కారును నేను చూశాను. నీ గొయ్యి నీ ఒక్కడి కోసమే అయితే పార పట్టు. వీధి కోసం అయితే ముందు నీ మునిసిపాలిటీని పట్టు.