నూట ఏడు కోట్ల రంగుల డబ్బా

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ఎవరి మాటనూ ఎవరూ ఊరికే నమ్మరు. గొలుసు చేతికి రాగానే 916 ముద్ర ఎక్కడుందో వెతుకుతారు. 2021 జూన్ నుంచి హాల్‌మార్కింగ్ దశలవారీగా తప్పనిసరి అయ్యాక ఆరక్షరాల హెచ్‌యూఐడీ కూడా అడుగుతున్నారు. తరుగెంత, మజూరీ ఎంత అని అరగంట బేరం. రెండో బొంబాయి అనిపించుకున్న ఊరికి ఆమాత్రం అనుమానం అందమే. అదే ఊళ్లో అదే మనిషి కంప్యూటర్ మానిటర్ కొనబోతే మాత్రం అట్టపెట్టె మీద అచ్చయిందల్లా వేదవాక్కు. ఫొటో ఎడిటింగ్‌కూ, సినిమాలకూ, గేమింగ్‌కూ ఒక్కటే తెర. అందులో 107 కోట్ల రంగులు, పది కోట్లకు ఒకటి కాంట్రాస్ట్, ఒక్క మిల్లీసెకను వేగం, పైన హెచ్‌డీఆర్ అనే బిరుదు. అరగ్రాము ముక్కుపుడకకు గీటురాయి తెమ్మన్నవాడు ఈ బిరుదులకు ఏ రాయీ తెమ్మనడు. అంకెలో సున్నాలు పెరిగేకొద్దీ నమ్మకం గట్టిపడుతుంది.

ముందు ఆ 107 కోట్ల సంగతి చూద్దాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 1,024 మెట్లుంటే మూడింటినీ గుణించగా వచ్చే లెక్క అది. లెక్కలో తప్పు లేదు. కాకపోతే మామూలు ధరలో దొరికే తెరల్లో చాలావాటికి నిజంగా ఉన్నది 256 మెట్లే, అంటే మొత్తం కోటీ 67 లక్షల రంగులు. మిగతావాటి కోసం పిక్సెల్‌ను రెండు పక్కమెట్ల మధ్య చకచకా ఊగించి కంటిని ఒప్పిస్తారు. ఆ కిటుకు చెడ్డదేమీ కాదు, బాగానే పనిచేస్తుంది. తమాషా మరోచోట ఉంది. 4కే తెర మీదున్న పిక్సెళ్లే సుమారు 83 లక్షలు. ప్రతి పిక్సెలూ పక్కదానితో పంతం పట్టి వేరే రంగు వేసుకున్నా ఒక్కసారికి 83 లక్షలు దాటవు. మిగిలిన నూట ఆరు కోట్ల పైచిలుకు రంగులు పెట్టె మీదే కాపురం. పైగా మెట్లెన్ని అన్నది వేరు, అవి ఏ ఎరుపు దాకా, ఏ పచ్చ దాకా ఎక్కుతాయన్నది వేరు. ఆ రెండో సంగతి చెప్పడానికి కొన్ని పెట్టెల మీద ‘72 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని వేస్తారు. ఎన్‌టీఎస్‌సీ అన్నది అమెరికా తన కలర్ టీవీ కోసం 1953లో ఆమోదించుకున్న కొలత. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంవత్సరమే అది. ఆ రాష్ట్రం పెద్దదై, పేరు మారి, మళ్లీ చీలింది. పెట్టెల మీద ఆ కొలత మాత్రం చెక్కుచెదరలేదు. 1982లో మన దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పుడు కూడా ఎంచుకున్నది పాల్ పద్ధతినే, దీన్ని కాదు.

పది కోట్లకు ఒకటి కాంట్రాస్ట్ కథ ఇంకా రుచికరం. వెనక దీపం పూర్తిగా వెలిగించి తెలుపును కొలుస్తారు, దీపం ఆర్పేసి నలుపును కొలుస్తారు, ఒకదానితో మరొకటి భాగిస్తారు. ఆ తెలుపూ ఆ నలుపూ ఒకే బొమ్మలో ఎన్నడూ కలవవు. ఒకే బొమ్మలో కొలిస్తే మామూలు ఐపీఎస్ రకం తెరకు వచ్చేది వెయ్యికి ఒకటి, వీఏ రకం తెరకు మూడు వేలకు ఒకటి, కాస్త అటూఇటుగా. చీకటినీ వెలుగునూ ఒకే బొమ్మలో గాఢంగా చూపిస్తానన్న హెచ్‌డీఆర్ బిరుదూ అంతే. తెరలకు ప్రమాణాలు పెట్టే వెసా సంస్థ 2017 చివర్లో తెచ్చిన డిస్‌ప్లే హెచ్‌డీఆర్ ముద్రల్లో అడుగుమెట్టయిన 400కు, మొదట పెట్టిన షరతుల ప్రకారం, 400 నిట్ల వెలుగూ ఎనిమిది బిట్లూ (అవే ఆ 256 మెట్లు) ఉంటే సరిపోయేది. తెరలో ఒకచోట చీకటిని, ఇంకోచోట వెలుగును విడివిడిగా నడిపే ఏర్పాటు అడగలేదు. అసలు ఆ ముద్ర కూడా లేకుండా ‘హెచ్‌డీఆర్ రెడీ’ అని రాసుకునేవాళ్లున్నారు. హెచ్‌డీఆర్ సంకేతం వస్తే తెర కాదనదు అని దానర్థం.

సరే, అంకెలన్నీ నిజమే అనుకుందాం. అప్పుడైనా మూడు పనులకూ ఒక్కటే అన్న మాట నిలుస్తుందా? ఆటగాడికి చీకటి మూలలో నక్కిన శత్రువు కనబడాలి, అందుకే గేమింగ్ మోడ్ నలుపును బూడిదరంగు దాకా లేపుతుంది. సినిమా చూసేవాడికి సరిగ్గా ఆ నలుపే కావాలి. ఫొటో దిద్దేవాడికి లేపిన నలుపూ వద్దు, ముంచిన నలుపూ వద్దు, ఉన్నది ఉన్నట్టు కావాలి. సినిమాకు బాగుండే వీఏ తెరలో తల కాస్త పక్కకు జరిపితే పెళ్లికూతురి చెంప రంగు మారిపోతుంది. ఓఎల్‌ఈడీ రకం తెరకు నలుపులో సాటి లేదు, కానీ రోజంతా కదలకుండా కూర్చునే ఎడిటింగ్ పనిముట్ల పట్టీ దానిమీద క్రమంగా మచ్చ వదిలే ప్రమాదం ఉంది. ఒక్క మిల్లీసెకను అని రాసి పక్కన చిన్నక్షరాల్లో ఎంపీఆర్‌టీ అని ఉంటే, వెనక దీపాన్ని టపటపా ఆర్పి వెలిగిస్తే వచ్చిన లెక్క అది. ఆ మోడ్ పెట్టగానే తెర మసకేస్తుంది. ఒకే తెరలో ఈ మూడు పనులూ చేయకూడదని కాదు. మూడింటినీ ఉత్తమంగా చేస్తానన్న తెర కనీసం రెండింటి దగ్గర అబద్ధమాడుతోందని.

ఇందులో నష్టం ఎవరికంటే, ఆ తెర మీద బతుకుతెరువు ఉన్నవాళ్లకు. జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని గండికోట ఇవాళ ప్రీవెడ్డింగ్ షూట్లకు ఆటపట్టు. పెన్న కోసిన లోయ, ఎర్రమల కొండల రాళ్లు, సాయంత్రపు ఎండ: ఫొటోగ్రాఫర్‌కు దేవుడిచ్చిన సెట్టింగు. ఆ ఫొటోలు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఎడిటింగ్ బల్ల మీదికొస్తాయి. తెర రంగుల పరిధి విశాలమైనదై, దాని రంగుల లెక్కను కంప్యూటర్‌కు చెప్పే ప్రొఫైల్ లేకపోతే ఎర్రరాయి కుంకుమరాయి అయి కనబడుతుంది. ఎడిటర్ కంగారుపడి ఎరుపు తగ్గిస్తాడు. ల్యాబ్‌కు పోయేది ఎస్‌ఆర్‌జీబీ ఫైలు, 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి ప్రతిపాదించిన సాదాసీదా కొలత. అక్కడ ఆల్బమ్‌లో గండికోట పాలిపోయిన మట్టిగోడై వస్తుంది. దీనికన్నా ఎక్కువగా వినబడే ఫిర్యాదు ‘ప్రింటు నల్లగా వచ్చింది’ అన్నది. తిట్లు తినేది ల్యాబ్‌వాడు. కొత్త మానిటర్ పెట్టెలోంచి బయటికొచ్చేటప్పుడు కొనేవాడి కళ్లు చెదరాలని 300 నిట్ల వెలుగుతో వస్తుంది. ప్రింటుకు పోయే పనికి 100, 120 నిట్లు చాలు. మూడింతల వెలుగులో చూసినవాడికి ఫొటో తెల్లబోయినట్టు అనిపిస్తుంది, మెల్లగా ముదరబెడతాడు. కాగితానికి వెనక దీపం ఉండదు కదా, తలంబ్రాల వేళ నవ్వుతున్న పెళ్లికొడుకు ముఖం మబ్బు పట్టి తయారవుతుంది. 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు పరుచుకున్న ఆల్బమ్ షీట్‌లో ఆ మబ్బు తప్పించుకోవడానికి చోటే ఉండదు.

‘జనం ఫోన్లలోనే కదా చూసేది, ఆ ఫోన్లన్నీ తలా ఒక రంగు చూపిస్తాయి, ఇక్కడ ఒక్కడు సరిగ్గా ఉండి ఏం లాభం?’ అని ఒక వాదన. చూసే తెరలు పదిరకాలుగా తప్పుతున్నప్పుడే దిద్దే తెర తప్పకూడదు. ఫోన్లు కొన్ని ఎరుపుకు, కొన్ని నీలానికి వాలుతాయి. నడిమధ్య నుంచి బయల్దేరిన ఫొటో ఏ ఫోనులోనైనా కొంచెమే చెడుతుంది. ముందే ఒక పక్కకు వాలి బయల్దేరింది ఆ పక్కకే వాలే ఫోనులో పూర్తిగా బోర్లాపడుతుంది. ‘గాఢమైన రంగులే అమ్ముడుపోతాయి’ అన్నది ఇంకో వాదన. నిజం, అమ్ముడుపోతాయి. గాఢంగా చేయాలనుకుంటే ఎంత గాఢంగా చేస్తున్నామో తెలిసి చేయవచ్చు. కొలత తెలియకుండా చేసింది రుచి కిందికి రాదు.

వేగం సంగతి వచ్చేసరికి గేమర్లకు అన్యాయం చేయకూడదు. సెకనుకు 60 సార్లు మారే తెర నుంచి 144 సార్లు మారే తెరకు పోతే తేడా కళ్లకు కడుతుంది: ఒక ఫ్రేముకూ మరోదానికీ మధ్య 16.7 మిల్లీసెకన్లు 6.9కి దిగుతాయి. 144ను 24తో భాగిస్తే శేషం లేకుండా ఆరు వస్తుంది కనుక, సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమా కూడా తడబడకుండా నడుస్తుంది. ఈ ఒక్కచోట ఆటకూ సినిమాకూ పొత్తు కుదిరింది. అక్కడినుంచి 240కి పోతే మిగిలేది మూడు మిల్లీసెకన్లు కూడా కాదు. పులివెందుల ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గరున్న గ్రాఫిక్స్ కార్డు ఆటను 60 ఫ్రేములకే ఈడుస్తుంటే, 240 సార్లు మారే తెర ఒకే బొమ్మను నాలుగుసార్లు చూపిస్తుంది. డబ్బు మాత్రం ఒక్కసారే తీసుకుంటారు.

మూడు పనులకు మూడు తెరలు కొనగల స్టూడియో మా సీమలో ఎక్కడుంది అని ఎవరైనా నిలదీస్తే, కొనమని ఎవరూ అనడం లేదు. చెడితే తిరిగిరాని పని ఏదో దాన్నిబట్టి తెరను ఎంచుకుని, మిగతా రెండింటినీ అందులో సర్దుకోవాలి. ఓడిన ఆట రేపు మళ్లీ ఆడొచ్చు, సినిమా మళ్లీ చూడొచ్చు; పెళ్లి ఆల్బమ్‌ను మళ్లీ అచ్చేయించే ఖర్చు స్టూడియో నెత్తిన పడుతుంది. 27 అంగుళాల ఐపీఎస్, 2560 × 1440 పిక్సెళ్లు, ఎస్‌ఆర్‌జీబీకి కట్టేసే మోడ్, అదే తెరను ఫ్యాక్టరీలో కొలిచి సీరియల్ నంబరుతో పెట్టెలో పెట్టిన నివేదిక: అంగట్లో అడగాల్సింది ఇంతే. ఆ నివేదికే దీనికి హాల్‌మార్క్. తరువాత రంగు కొలిచే కలరీమీటర్. దానికి నెలకోసారి ఒక్కో తెర దగ్గర పావుగంట పని, మిగతా రోజులు సొరుగులో నిద్ర. ఒక వీధిలోని నాలుగు స్టూడియోలు చందా వేసుకుంటే ఒకటి చాలు, నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్గిల్ సీఎంఎస్ ఉచితమే. ఆపైన మిగిలేది గది. పిస్తా రంగు గోడ మీద పడి తిరిగొచ్చే ట్యూబ్‌లైటు వెలుగు ఎంత ఖరీదైన తెరనైనా ఏమారుస్తుంది కనుక వెనకగోడకు లేత బూడిదరంగు వేయించాలి. మానిటర్ వెనక మెరిసే ఎరుపు, నీలం దీపాలను రాత్రి ఆటకు ఎంతసేపైనా వెలిగించుకోవచ్చు. తలంబ్రాల పసుపు సరిచూసే గంట మాత్రం స్విచ్ ఆపేయాలి.