చైన్ సీన్లో మావాడు

మావాడు ‘శివ’ సినిమాలో ఉన్నాడు. ఎక్కడంటే, నాగార్జున సైకిల్ చైన్ పీకే సీన్లో, కాలేజీ కుర్రాళ్ల గుంపులో. కనిపించేది ఒక చెవి, సగం చెంప. 1989లో ఆ చెవి కోసం మేం హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బ్లాకులో టికెట్లు కొని పోయేవాళ్లం. ఇప్పటిలా ఆపి చూసుకునే వీలెక్కడిది? “ఏడ్రా, ఏడీ?” అనేలోపు చైన్ చేతికొచ్చేసేది. మళ్లీ టికెట్టు కొనాల్సిందే.

ఆ చైన్ చూసి ఊరంతా సైకిళ్ల మీద పడింది. పిన్ను కొడితే తప్ప చైన్ ఊడదని సైకిల్ షాపాయన మొత్తుకున్నా వినేదెవరు? చేతులకి గ్రీజు అంటడం తప్ప ఒక్కడికీ చైన్ రాలేదు.

అంత కష్టపడి తెర మీద వెతికి చూసినా, ఇరానీ హోటల్లో మాత్రం వాడికి పైసా మర్యాద లేదు. వన్ బై టూ చాయ్ దగ్గర “హీరోగారు ఇవాళైనా జేబులో చెయ్యి పెడతారా?” అనేవాళ్లం. అన్నపూర్ణా వాళ్ల సినిమా, బేటా ఇస్తారట అని వెళ్లినవాడు వాడు. డైరెక్టరెవరో వాడికేం తెలుసు? వర్మకి అదే మొదటి సినిమా. సినిమా ఆడాక మాత్రం వీడికి గొంతు లేచింది. “వర్మ నాతో చెప్పాడు...” అని మొదలెట్టేవాడు. “నీతోనా? పేరు పెట్టి పిలిచాడా?” అని నలుగురం మీదపడేవాళ్లం. “లేదురా... గుంపు మొత్తాన్నీ వెనక్కి జరగమన్నాడు” అని దిగొచ్చేవాడు. మా రోజుల్లో స్నేహమంటే అదీ. కోతలు కోస్తే కూర్చోబెట్టేవాళ్లు పక్కనే ఉండేవాళ్లు.

2025 నవంబరులో ఆ సినిమాని 4కె అంటూ మళ్లీ థియేటర్లకి తెచ్చారు. అప్పట్నుంచి వీడితో పెళ్లికెళ్లడం నా చావుకొచ్చింది. ఎవడో మనవడి వయసువాడు ఫోన్లో సీను ఆపి, చెవి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి అందరికీ పంపాడు. ఇంక భోజనాల దగ్గర గుంపే గుంపు. “అంకుల్, భవానీగా చేసిన రఘువరన్ సెట్లో ఎలా ఉండేవారు?” అని ఒకడు. వీడు రఘువరన్‌ని చూసింది మా పక్కన కూర్చుని, తెర మీద. అయినా కళ్లు అరమూసి, “మాట తక్కువమ్మా. చూపుతోనే మాట్లాడేవాడు” అంటాడు! ఆయన 2008లోనే పోయె, కాదనడానికి ఎవరున్నారు? గోపాలరెడ్డిగారి కెమెరా సంగతి, స్టెడీకామ్ సంగతి కూడా తనే దగ్గరుండి చూసినట్టు చెబుతాడు. మొన్నయితే చైన్ ఆలోచన తనదేనన్నంత దాకా వచ్చాడు.

నేను ఊరుకోలేక “ఒరేయ్...” అని నోరు తెరిచాను. వీడియో తీస్తున్న పిల్లాడు నా వైపు తిరిగి, “అంకుల్, మీరు కొంచెం పక్కకి జరగండి, అడ్డొస్తున్నారు” అన్నాడు.

ఇంటికొస్తూ ఆటోలో నిలదీశాను. “రఘువరన్‌తో నువ్వెప్పుడు మాట్లాడావురా?”

“పిల్లలు అంత ఆశగా అడిగార్రా. ఏం లేదంటే చిన్నబోరూ?” అన్నాడు.

ఆటో డబ్బులు నేనే ఇచ్చాను.