నాకు తెలిసింది నలుపే

నా లోపల వేలెడంత స్ఫటికపు కడ్డీ ఒకటి ఉంది. ఇట్రియం, అల్యూమినియం కలిసిన గార్నెట్‌లో రవ్వంత నియోడిమియం చేర్చి పెంచిన కడ్డీ అది. పక్కనున్న దీపం మెరిసినప్పుడల్లా దాన్నుంచి 1064 నానోమీటర్ల వెలుగు పుడుతుంది. అది మనిషి కంటికి కనపడదు, కానీ కంటిని దెబ్బతీయగలదు. అందుకే గదిలో అందరూ కళ్లకు అద్దాలు పెట్టుకున్నాకే నన్ను నడుపుతారు. నన్ను ఎన్‌డీ యాగ్ లేజర్ అంటారు. 1960లో థియోడర్ మైమన్ కెంపు కడ్డీతో తొలి లేజర్‌ని వెలిగించాడు. నాలుగేళ్లకు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మా వంశం మొదలైంది. నేనిప్పుడు అమలాపురంలో, ఒక చర్మవైద్యురాలి గదిలో ఉంటున్నాను.

వెంట్రుకలు తీసే యంత్రం కదా అని నాలో కత్తులుంటాయనుకుంటారు కొందరు. నేను దేన్నీ కొయ్యను. వెంట్రుకకు నల్లరంగునిచ్చే మెలనిన్ నా వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడి కుదుట్లోకి దిగి, వెంట్రుకను మళ్లీ మొలిపించే కణాలను దెబ్బతీస్తుంది. అది పక్క చర్మానికి పాకేలోపే నా మెరుపు ఆగిపోవాలి. ఈ సూత్రాన్ని 1983లో బోస్టన్ వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. నా బతుకంతా దాని మీదే నడుస్తోంది.

చిక్కేమిటంటే, మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది. వరిచేలల్లో, కొబ్బరితోటల్లో, రేవుల్లో ఎండన పడి తిరిగే కోనసీమవాళ్ల ఒంట్లో మరీను. ఏది వెంట్రుక నలుపో, ఏది ఒంటి నలుపో నా అంతట నేను తేల్చుకోలేను. పశ్చిమ దేశాల్లో జుట్టు ఎర్రనా, పసుపా, గోధుమా అని మొదట చూస్తారు. ఎర్రజుట్టులో, పసుపుజుట్టులో ఉండే రంగు మా వెలుగుకు సరిగా చిక్కదు. ఇక్కడ జుట్టు ఎలాగూ నలుపే కాబట్టి ముందు చూడాల్సింది ఒంటిచాయ. 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే వైద్యుడు మొదలుపెట్టిన చర్మపు తరగతులు ఇప్పుడు ఆరు. మనవాళ్లు ఎక్కువమంది నాలుగు, అయిదుల్లోకి వస్తారు.

755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ లేత చర్మం మీది నల్లవెంట్రుకను ఇట్టే పడుతుంది. ముదురుచాయ మీద ప్రయోగిస్తే మాత్రం చర్మం కమిలిపోయే ప్రమాదం ఎక్కువ. 810 దగ్గర పనిచేసే డయోడ్ లేజర్ చామనచాయకు బాగానే సరిపోతుంది. నా వెలుగు పైచర్మపు మెలనిన్‌కు తక్కువగా చిక్కి, లోతుకు దిగుతుంది. ముదురుచాయకు నన్ను ఎంచేది అందుకే. అలాగని నేను అన్నిట్లో మేలని చెప్పను. సన్నని వెంట్రుకను డయోడ్ పట్టినంత బాగా నేను పట్టలేను, నొప్పీ నాతోనే ఎక్కువ. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది.

ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్డ్ లైట్) మా జాతి కాదు. అనేక తరంగాలు కలగలిసిన మెరుపు దీపం అది. ఎక్కడో లేజర్ అని చెబితే నమ్మి దాంతో చేయించుకున్న అమ్మాయి ఒకరోజు వచ్చింది. మోచేతి కింద అగ్గిపెట్టెంత నలుచదరపు మచ్చలు, వరసగా. పరికరం కొస ఆనినచోటల్లా అచ్చు పడింది. ఆమె దుపట్టా కింద ఆ చేతిని దాచుకోవడం చూస్తే నాకు బాధేసింది. అడగవలసినవాళ్లు ఆమె ఒంటిచాయ గురించి అడిగి ఉంటే చాలు, ఆ మచ్చలు పడేవి కావు.

రాజోలు వైపు నుంచి వచ్చిన ఒకామె కువైట్‌లో ఇళ్లపని చేసి తిరిగొచ్చింది. గడ్డం కింద తెల్లవెంట్రుకలు.

"రంగేసుకునే వచ్చానండి డాక్టరుగారూ, నల్లగానే ఉన్నాయి కదండీ?"

"రంగు పైనే ఉంటుందమ్మా. కుదుట్లో తెలుపే. ఈ మిషను మీకు పనిచెయ్యదు. మీ డబ్బులు తీసుకోలేను."

ఎండలదేశంలో కూడబెట్టుకున్న డబ్బును ఆమె మళ్లీ పర్సులో పెట్టుకుంది. తెల్లవెంట్రుకకు ఎలక్ట్రాలసిస్ ఉంది. కుదుట్లోకి సన్నని సూది దింపి కరెంటు పంపుతారు. 1875లో అమెరికాలో చార్లెస్ మిషెల్ అనే కంటివైద్యుడు లోపలికి తిరిగిన రెప్పవెంట్రుకల కోసం కనిపెట్టిన పద్ధతి. దానికి రంగుతో నిమిత్తం లేదు. నాకున్న ఆ లోటు దానికి లేనందుకు నాకు సంతోషమే.

పసిపిల్లలకు నలుగుపెట్టి నూగు పోగొట్టే అమ్మమ్మల ఊళ్లివి. పెద్దయ్యాక బుగ్గల మీది నూగును కూడా నాతో తీయించాలని తల్లులు తీసుకొస్తారు. డాక్టరుగారు ఒప్పుకోరు. అంత సన్నని వెంట్రుకకు చాలినంత వేడి అందదు, ఒక్కోసారి అది ముదిరి ఎక్కువ కూడా కావచ్చు. ముఖం మీద, మన చర్మాల్లో, ఇది జరిగే సంగతే.

మొన్న కొత్తపేట నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. అమ్మాయి దవడ కింద ముదురు నల్లవెంట్రుకలు, నెలసరి కూడా సరిగా లేదు.

"మాఘంలో పెళ్లండీ. ఒక్కసారికి అయిపోదా?"

"పెరుగుతున్న వెంట్రుకనే ఇది పట్టేదమ్మా. మిగతావి నిద్దట్లో ఉంటాయి. అయిదారు వారాలకోసారి, ఆరేడుసార్లు రావాలి. ముందు స్కానింగూ, హార్మోన్ల పరీక్షా చేయించండి. పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా ఉంటే దానికి మందు వాడకుండా ఎన్నిసార్లు లేజర్ చేసినా కొత్తవి వస్తూనే ఉంటాయి. థ్రెడింగు, వ్యాక్సింగు మానెయ్యాలి. కుదుట్లో వెంట్రుక లేకపోతే దీనికి దారి దొరకదు. షేవింగ్ చేసుకో తల్లీ, పరవాలేదు."

చెవి కింద కాస్తమేర గీసి, చల్లని జెల్ రాసి, నాతో రెండు మెరుపులు వేయించారు. కాసేపటికి ఒక్కో కుదురు చుట్టూ చిన్న ఎర్రని పొంగు లేచింది. చర్మం కమల్లేదు. పరీక్షల కాగితాలు తెచ్చాకే మిగతాది మొదలుపెడదామని చెప్పి పంపారు.