‘సాధ్యమైతే ఆరు నెలల్లోగా’: టీకా తాత్పర్యం

మూలం: “ఈ ఉత్తర్వు ప్రతి అందిన నాటి నుంచి వీలైనంత త్వరగా, సాధ్యమైతే ఆరు నెలల్లోగా దావాను పరిష్కరించవలసిందిగా కింది కోర్టును ఆదేశించడమైనది.”

అవతారిక: కింది కోర్టులో దావా ఏళ్ల తరబడి నానుతుంటే, హైకోర్టులో సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్) వేసి తెచ్చుకునే వాక్యం ఇది. అప్పీలుకు పోదామంటే ముందొక తీర్పుండాలి. ఇక్కడ రానిదే తీర్పు. అందుకని వకీళ్లు రాజ్యాంగం 227వ అధికరణం తలుపు తడతారు. కింది కోర్టులపై హైకోర్టుకు పర్యవేక్షణాధికారం ఇచ్చింది అదే. ఈ అధికారం కొత్తదేమీ కాదు, 1861 నాటి హైకోర్టుల చట్టంలోనే ఉంది.

ప్రతిపదార్థం: ప్రతి అందిన నాటి నుంచి = హైకోర్టు చెప్పిన నాటి నుంచి కాదు; కాపీ అర్జీ పెట్టి, సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చి, దాన్ని మెమోతో కింది కోర్టులో దాఖలు చేసిన నాటి నుంచి (అంతవరకూ కాలం పుట్టనే లేదని భావం); వీలైనంత = ఎవరికి వీలైనంత అన్నది అధ్యాహారం; సాధ్యమైతే = చేదర్థకం, ‘వానలు పడితే పంటలు పండుతాయి’ వంటిది, వాన సంగతి వాక్యానికి పట్టదు; ఆరు నెలల్లోగా = ‘మూడు నెలలు’, ‘ఏడాది’ అని పాఠాంతరాలు.

విశేషం: త్వరపెట్టే సూత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్ (సి.పి.సి.)లోనూ ఉంది. 17వ ఆర్డరు ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. పక్షం చేతిలో లేని కారణాలుంటే నాలుగోదీ ఇవ్వవచ్చని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. వ్యాకరణకర్త చిన్నయసూరి అయితే ‘బహుళము’ (ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు) అని ఒక్క మాటతో సరిపెట్టేవాడు.

ఆక్షేపం: 2024 ఫిబ్రవరి 29న, నాలుగేళ్లకోసారి వచ్చే తేదీన, అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం మూలానికే ఎసరు పెట్టింది. వేరే కోర్టుల్లో నడిచే కేసులకు రాజ్యాంగ న్యాయస్థానాలు మామూలుగా గడువులు పెట్టకూడదని, అసాధారణ పరిస్థితుల్లోనే పెట్టాలని, ఏ కేసు ముందన్నది ఆ కోర్టుకే వదలాలని చెప్పింది.

టీకాకారుడికి ఇది సబబే. శ్రీకాకుళం నుంచి హైకోర్టున్న నేలపాడు దాకా వెళ్లి, అక్కడి వకీలుకు ఫీజు ఇచ్చుకోగలవాడి దావా ముందుకు జరిగితే మరొకరిది వెనక్కి జరగాలి. ఆ మరొకరు కోర్టు వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్న ముసలమ్మ కావచ్చు. ఒళ్లో క్యారీబ్యాగు, అందులో మడతల దగ్గర చిరిగిన దస్తావేజు. బంట్రోతు తన పేరు పిలిచాడేమోనని ప్రతి కేకకీ తలెత్తుతుంది. ఆమెకు 227 గురించి చెప్పినవాళ్లు లేరు.

తాత్పర్యం: పై కోర్టు త్వరగా కానిమ్మంటుంది, కింది కోర్టు వీలు చూసుకుంటుంది.

ఈ వాక్యం కోసం బయల్దేరే పాఠకులకు ఒక మనవి. ముందు మీ దావా డాకెట్ ఉత్తర్వుల కాపీలు తీయించి ఒక్కసారి చదవండి. వాయిదాల్లో మీ వకీలు అడిగినవి ఎన్నో లెక్కపెట్టుకుని మరీ వెళ్లండి. హైకోర్టులో మొదటి ప్రశ్న అదే కావచ్చు.