నీళ్ళు పచ్చబడకముందే

ఈ మాట ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. మూడు విడతల పిల్లల్ని, లెక్కేస్తే 500 పైగా ప్రాణాల్ని, చేతులారా చంపుకున్నాను. చెప్పేవాళ్ళు లేక జరిగి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. చెప్పగలిగినవాడు నా ఇంటి మనిషే. నేనే అడగలేదు.

పెద్దాపురంలో మాది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పడం, రాగి తీగ చుట్టడం, మళ్ళీ తిరిగేలా చెయ్యడం, ఇదే నా బతుకు. ఏదైనా ఆగిందంటే ఎక్కడో కనెక్షన్ పోయి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అని చేతులకి అలవాటైపోయింది. సముద్రపు చేపల మీద మనసు పడినప్పుడూ అలాగే దిగాను. నారింజ ఒళ్ళు, తెల్ల పట్టీలు ఉండే క్లౌన్ చేప. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చిన దగ్గర్నించి షాపుల్లో దాన్ని అందరూ నీమో అనే అడుగుతారు. మా అమ్మాయి కోసమని మొదలుపెట్టాను. అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయింది, చేపలు నాకు మిగిలాయి.

తొలి తప్పు జత దగ్గరే జరిగింది. రంగు చేపలకి చెన్నైలో కొళత్తూరు పెద్ద బజారు. అక్కణ్ణించి తెప్పించే ఒకాయనకి ఫోను చేసి, “రెండూ పెద్దవే పంపండి, తొందరగా గుడ్లు పెట్టాలి” అన్నాను. అడిగిందే పంపాడు పాపం. ఈ జాతిలో పుట్టుకతో ఆడది ఉండదు. అన్నీ మొదట మగవే. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతిది దానికి జోడీ అవుతుంది, మిగతావి ఎదగకుండా చిన్నగానే ఉండిపోతాయి. ఆడది చస్తే జోడీగా ఉన్న మగది ఆడదిగా మారుతుంది. ఒకసారి ఆడదయ్యాక మళ్ళీ మగది కాదు. నాకొచ్చిన రెండూ అప్పటికే ఆడవి. 11 రోజులు కొట్టుకున్నాయి. రెక్కలు చిరిగిపోయి ఒకటి అడుగున పడి ఉంది, తెల్లారి చూసేసరికి. కొనేముందు ఒక్కరోజు ఆగి తెలుసుకుని ఉంటే అది బతికేది. మిగిలినదాని పక్కన బాగా చిన్నదాన్ని వదిలాక ఏడాది తిరిగేసరికి అవి జత కుదిరాయి.

నీళ్ళ సంగతీ అంతే. కాకినాడ తీరం నించి డ్రమ్ములతో ఆటోలో తెచ్చేవాణ్ణి. సముద్రం దగ్గరుండగా ఉప్పు ప్యాకెట్లు కొనడం ఎందుకనుకున్నాను. వరదల కాలంలో గోదావరి ఎర్రనీరు కలిసి కాకినాడ అఖాతంలో ఉప్పుదనం తగ్గిపోతుందని గోదావరి జిల్లాలో పుట్టి కూడా తట్టలేదు. ఆ తర్వాత హైడ్రోమీటరు ముంచి చూడకుండా చుక్క నీరు పొయ్యలేదు. పగడపు రాళ్ళు మాత్రం తీసుకురాలేదు. 2001 నించి పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. కుండ పెంకు ఒకటి ఆనించి పెట్టాను. వాటికి అదే చాలింది.

ఆషాఢంలో, మరిడమ్మ జాతర జరుగుతున్న రోజుల్లో, ఆ పెంకు మీద గుడ్లు కనిపించాయి. ఇత్తడి పొడి చల్లినట్టు కాదు, చిన్న చిన్న నారింజ గింజలు పక్కపక్కనే నిలబెట్టి అంటించినట్టు. మగది వాటి ముందు నించి కదలలేదు. రెక్కలతో విసురుతూ, నోటితో ఒక్కొక్కటీ తడుముతూ, చెడిపోయినదాన్ని ఏరి పారేస్తూ. ఆడది దూరంగా కాపలా. రెండో రోజుకి రంగు ముదిరింది. ఆరో రోజుకి ప్రతి గింజలోనూ రెండు వెండి కళ్ళు. నేను షాపు మధ్యాహ్నమే కట్టేసి వచ్చి ఆ కళ్ళకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి. పిల్లలు ఏం తింటాయో ఒక్కసారీ ఆలోచించలేదు. పంపులు ఆలోచించాను, హీటరు 28 డిగ్రీల దగ్గర ఆగేలా సరిచేశాను, కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఏరేటరు నడిచేలా లైను వేశాను. తిండి మాట నా లెక్కలో లేనే లేదు.

పిల్లలు చీకట్లో పుడతాయి. ఎనిమిదో రాత్రి దీపాలార్పిన గంటన్నరకి మొదలైంది. జాతరకి వచ్చిన చుట్టాలతో ఇల్లు నిండి ఉంది. చూపించాలనిపించింది. పెద్ద లైటు వేసేశాను. గాజు గోడల దగ్గరికి వెలుగు కోసం దూసుకొచ్చిన ఆ సన్నని నీడల్ని చూసి అందరూ ఆహా అన్నారు. ఫిల్టరు ఆపడం మర్చిపోయాను. తెల్లారి దాని స్పాంజి విప్పితే దాన్నిండా అవే. ఇక మిగిలినవాటిలో కొన్నిటిని పెద్ద చేపలే తినేశాయి. వేరే తొట్టిలోకి తీసినవి 30 ఉంటాయేమో.

వాటికి కోడిగుడ్డు పచ్చసొన చిదిమి వేశాను. ఎప్పుడో విన్న మాట. నీళ్ళు రాత్రికి వాసనొచ్చాయి. రెండో విడతకి ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్య గుడ్ల ప్యాకెట్టు కొన్నాను. ఉప్పు నీళ్ళలో వేసి గాలి పెడితే ఒక రోజులో పొదుగుతాయి, చాలా తేలిక. పిల్లల చుట్టూ ఆ కెంపు చుక్కలు ఈదుతుంటే తిండికి లోటు లేదనుకున్నాను. ఆర్టీమియా పిల్ల దాదాపు అర మిల్లీమీటరు. అప్పుడే పుట్టిన నా పిల్ల మొత్తం పొడవే నాలుగు మిల్లీమీటర్లు. నోరు ఎంత ఉంటుంది? చుట్టూ తిండి పెట్టుకుని మూడో రోజుకి ఆకలితో పోయాయి. మూడో విడతకి హీటరు మార్చాను, పంపు మార్చాను, నీళ్ళు మార్చాను. ఆర్టీమియానే వేశాను.

మా బావమరిది ఉప్పాడ దాటాక తీరం వెంట ఉన్న రొయ్యల హేచరీల్లో ఒకదానిలో పని చేస్తాడు. డిగ్రీ మధ్యలో మానేసి అందులో చేరినప్పుడు, మా మామగారింట్లో భోజనాల దగ్గర, పదిమందిలో నేనన్న మాట నాకు గుర్తుంది. “కుండీలు కడుక్కునే పని కోసమా చదివించింది?” అన్నాను. వాడు తల వంచుకుని అన్నం తిన్నాడు. ఆ తర్వాత ఏనాడూ ఆ మాట ఎత్తలేదు, నేనూ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఫోను చేస్తే ఆ కుండీల విద్యే అడగాలి. నోరు రాలేదు. ఆ నోరు రాకపోవడం ఖరీదు రెండో విడత, మూడో విడత.

మా ఆవిడ చేసింది ఫోను. నాలుగో విడత గుడ్లు పెట్టిన రోజున, నాకు చెప్పకుండా. ఆదివారం వచ్చాడు. తొట్టెలన్నీ ఓపిగ్గా చూశాడు. వైరింగు చూసి మెచ్చుకున్నాడు కూడా. అప్పుడడిగాడు.

“మరి తిండేదండీ బావగారూ?”

ఆర్టీమియా ప్యాకెట్టు చూపించాను.

“ఇది వారం తర్వాతండి. ముందు రోటిఫర్లు కావాలి. వాటికి తిండి ఆల్గే. అది ముందు పెరగాలి. మా దగ్గర నాప్లీ, అంటే అప్పుడే పొదిగిన రొయ్యపిల్లలు, రాకముందే ఆల్గే ట్యాంకులు సిద్ధంగా ఉండాలండి. లేకపోతే నాప్లీయే దింపుకోరు.”

రోటిఫరంటే నీళ్ళలో బతికే సూక్ష్మ ప్రాణి, మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. కంటికి నీళ్ళలో దుమ్ములా ఆనుతుంది. వాడు చెబుతుంటే మా అమ్మమ్మగారి ఊళ్ళో చెరువు గుర్తొచ్చింది. చేపపిల్ల వదిలేముందు పేడ, తవుడు వేసి వారం పది రోజులు ఊరుకునేవారు. నీళ్ళు పచ్చబడ్డాకే సీడు బండి వచ్చేది. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని ఎన్నిసార్లు చూశానో. అది చేపల కోసం కాదు, చేపల తిండి కోసమని తెలియకేం, బాగా తెలుసు.

ఆ విడతకి అందదని ముందే చెప్పేశాడు. “వీటిని వదిలెయ్యండి. తర్వాతి విడతకి చూద్దాం.” ఆ గుడ్లని తల్లిదండ్రుల దగ్గరే ఉంచేశాం. ఆ రాత్రి నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. పచ్చటి ఆల్గే సీసా ఒకటి తెచ్చిచ్చాడు. రోటిఫర్లు రొయ్యల దగ్గర కాదు, విశాఖపట్నం వైపు సముద్రపు చేపపిల్లల్ని పెంచే చోట తెలిసినవాళ్ళని అడిగి తెప్పించాడు. రెండు వారాలు ఆ బకెట్లే నా పని. పొద్దున్నే సగం నీళ్ళు తీసి, ఆల్గే పోసి, చుక్క గాజు పలక మీద వేసి భూతద్దంతో లెక్కపెట్టడం.

అయిదో విడతకి, పొదిగే సాయంత్రం పెంకుతో సహా గుడ్లని చిన్న తొట్టిలోకి మార్చాం. తండ్రి రెక్కలకి బదులు కింద ఎయిర్ స్టోను. పక్కలకి నల్ల కాగితం. ఫిల్టరు లేదు. లైటు వెయ్యలేదు. తెల్లారి లేతపచ్చ నీళ్ళలో రోటిఫర్లు పోసి దూరంగా నిలబడ్డాను. పిల్ల ఒకటి తోక వంచి, ఎస్ అక్షరంలా ముడుచుకుని, ఒక్కసారి చాచుకుంది. మళ్ళీ ముడుచుకుంది. వేటాడుతోంది. మూడు విడతల్లో నేనెప్పుడూ చూడని కదలిక అది.

పదో రోజుకి తలల మీద తెల్ల పట్టీ మొదలైంది. 31 మిగిలాయి. బావమరిది మళ్ళీ వచ్చాడు. తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు చూశాడు. ఆనాటి భోజనాల మాట ఎత్తి క్షమించమనాలని వాక్యం సిద్ధం చేసుకుని ఉన్నాను.

“ముందువి ఎన్ని పోయాయండీ?” అన్నాడు, తల తిప్పకుండానే.

“మూడు విడతలు. 500 పైనే. రెండో విడతప్పుడే నీకు ఫోను చెయ్యాల్సింది. ఆ రోజు అన్న మాటకి మొహం చెల్లక చెయ్యలేదు.”

వాడు ఏమీ అనలేదు. లేచి, కిటికీ దగ్గరున్న ఆల్గే సీసాని వెలుగుకి ఎత్తి చూశాడు.

“దీనికి ఇంకాస్త గాలి పెట్టండి బావగారూ. అడుగున దిగిపోతోంది.”