ఆరాకీన్ దివాణం మర్యాదలు

అతిథి మర్యాద నేర్చుకోవాలంటే ఆరాకిస్ గ్రహానికి వెళ్లాలి. అక్కడ వాన పడదు. ఉన్నదల్లా ఇసుక, ఆ ఇసుకలో పుట్టే మెలాంజ్ అనే దినుసు. అది లేనిదే అంతరిక్ష నౌకలకు దారి చూపేవాడుండడు. ఆరాకీన్ పట్నంలో పాత సామ్రాజ్యం నాటి దివాణం ఒకటుంది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో 'డ్యూన్' నవల అచ్చువేయించి దాని గుమ్మం దాకా మనల్ని తీసుకెళ్లాడు. పాఠకులేమో ఇసుకపురుగుల వెంట పడిపోయారు. ఆ ఇంటి ఔదార్యాన్ని పొగిడే నాథుడు లేకపోయాడు.

భోజనశాల గుమ్మానికి అటూ ఇటూ పసుపు, ఆకుపచ్చ పలకలు అతికిన తొట్లు. వచ్చిన పెద్దమనిషి వాటిలో చేతులు ముంచి, నాలుగైదు గిన్నెల నీళ్లు నేల మీద ఒలకబోసి, తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలును ఆ మడుగులోకే విసరాలి. ఎనభై ఏళ్లు ఆ గ్రహాన్ని జాగీరుగా ఏలిన హార్కోనెన్ వంశం నాటి ఆనవాయితీ ఇది. ఊరి బయట ఎడారిలో ఫ్రెమెన్లు చచ్చినవాడి ఒంట్లో తడిని కూడా పోనివ్వకుండా దాచుకుంటారు. అంత పిసినారుల మధ్య ఇంత ధారాళమైన ఇల్లు! విందు ముగిశాక వీధి గుమ్మం దగ్గర బిచ్చగాళ్లు చేరతారు, ఆ తువ్వాళ్లు పిండిన నీళ్ల కోసం. ఏలినవారు ఎంగిలిచేత్తో కాకిని తోలరని ఆడిపోసుకునేవాళ్లు ఈ దృశ్యం చూసి తలదించుకోవాలి. ఇక్కడ చెయ్యి కడిగిన నీళ్లు సైతం పేదలకే. ఆ పిండిన నీళ్లకు పైసలు రాబట్టుకునే ఆలోచన ఇంటి పనిమనిషి కళ్లలో హార్కోనెన్ల తరవాత వచ్చిన కొత్త ఏలిక డ్యూక్ లీటోకు కనిపించిందట. ఊరికే పోస్తే జనం సోమరులవుతారన్న బెంగ కాబోలు ఆవిడది.

దివాణం ముందు ఇరవై ఖర్జూర చెట్లున్నాయి. ఒక్కో చెట్టుకు రోజుకు 40 లీటర్ల నీళ్లు. మనిషికి 8 లీటర్లు చాలు. చెట్టుకు ఐదుగురు చొప్పున తోట మొత్తానికి వందమంది అని లెక్కగట్టి చెప్పినవాడు ఆ ఇంటి డాక్టర్ యూయే. డాక్టర్లకు ఇలాంటి లెక్కలు అలవాటే. నాకైతే ఏలినవారి ఎంపికలో తప్పు కనబడదు. ఖర్జూరం జీతం అడగదు, తిరగబడదు, తాగినదానికి కాస్త నీడ కూడా ఇస్తుంది. వందమంది మనుషులను అంత అందంగా వరసలో నిలబెట్టగలమా? 2021లో దెనీ విల్నూవ్ తీసిన సినిమాలో ఎర్రటి ఎండలో ఈ చెట్లకు నీళ్లు పోసే తోటమాలి ఉంటాడు. వీటిని తీసేయిద్దామా అని లీటో కొడుకు, కుర్రదొర పాల్ అడిగితే, వద్దు, పవిత్రమైనవి అంటాడు. ఏలికల తరఫున ఏలుబడిలో ఉన్నవాడే వకాల్తా పుచ్చుకున్నాడంటే పరిపాలన ఎంత చల్లగా సాగిందో ఊహించుకోవచ్చు.

హార్కోనెన్ల ఏలుబడిలో చక్రవర్తి ప్రతినిధిగా ఈ ఇంట్లో కాపురమున్న కౌంట్ ఫెన్రింగ్ దంపతుల రసికత మరో మెట్టు పైన. తడి గ్రహాల మొక్కలు తెప్పించి, గాలి కూడా బయటికి పోని గదిలో పెంచారు. మధ్యలో ఫౌంటెన్. ఇల్లు ఖాళీ చేస్తూ శ్రీమతి ఫెన్రింగ్ తరవాత వచ్చే ఇల్లాలికి అక్కడో ఉత్తరం వదిలింది. కోరుకున్నది చేతికందేంత దగ్గరుంటే మితి మీరతామట, జాగ్రత్త పడమంది. ఫౌంటెన్ పక్కన కూర్చుని మితం గురించి ఇంత చక్కగా మరెవరు చెప్పగలరు?

ఇల్లు అప్పగించడంలో హార్కోనెన్ల పద్ధతిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. గోడలకు చెవులుంటాయని మనవాళ్లు ఊరికే అంటారు. ఈ దివాణం గోడల మాటున ఏకంగా మనిషే ఉన్నాడు. అతన్ని బతికుండగానే లోపలుంచి మూసేశారు. పాల్ పడకగదిలో మంచం తలాపి నుంచి 5 సెంటీమీటర్ల పొడవు మించని చంపుడు పరికరం తేలుతూ వచ్చింది, దాన్ని నడిపింది ఈ లోపలి మనిషే. ఖాళీ చేసిన ఇంట్లో కూడా అతిథిని చూసుకోవడానికి నౌకరును ఉంచి వెళ్లే వంశాలు ఎన్నుంటాయి?

చక్రవర్తి ఏం తక్కువ తిన్నాడా! సాటి ప్రభువుల్లో డ్యూక్ లీటోకు పలుకుబడి పెరుగుతోందని గమనించి, బహుమానంగా ఈ గ్రహాన్నే రాసిచ్చాడు. వెనకాలే తన సార్దౌకర్ సైనికులను పంపాడు. ఆర్భాటం గిట్టనివాడు కనక వాళ్లకు తన గుర్తులు పెట్టకుండా హార్కోనెన్ల దుస్తులు తొడిగించాడు.

లీటో మాత్రం మంచివాడు, ఈ మాటలో వెటకారం లేదు. వచ్చీరాగానే తువ్వాళ్ల తంతు మాన్పించి, భోజనాల వేళ గుమ్మానికి వచ్చినవాడికల్లా గిన్నెడు నీళ్లివ్వమన్నాడు. తన పాలన ఎంత గొప్పదో చెప్పకపోతే జనానికెలా తెలుస్తుందని కొడుకుకు బోధించాడు కూడా. ఆ పని చూడ్డానికి ఆయన దగ్గర మేలైన ప్రచార విభాగముంది. ఖర్జూరాలు మాత్రం నవలలో ఉన్నచోటే ఉన్నాయి. సంస్కరణ కదా, నిదానంగా జరగాలి.

అంత నిదానం బారన్ హార్కోనెన్‌కు గిట్టదు. లీటోను కూలదోసి గ్రహాన్ని మళ్లీ చేజిక్కించుకున్నాక, పిండగలిగినంత పిండమని తమ్ముడి మొరటు కొడుకు రబ్బాన్‌ను దాని మీదికి వదిలాడు. జనం కుతకుతలాడుతున్న సమయంలో రబ్బాన్ తమ్ముడు, అందగాడైన ఫెయిడ్ రౌథాను రక్షకుడిగా దించాలని ఆయన పథకం. ఫెయిడ్‌కు పెద్ద కష్టమేమీ ఉండేది కాదు. గుమ్మంలో నిలబడి తలో గిన్నెడు నీళ్లు పోయిస్తే సరిపోయేది.